నందిగామ తయారీ తుఫాను మోడల్

నందిగామ, సోమవారం

బావగారికి జగన్నాథరావు నమస్కారాలు.

మీరు నన్ను వాట్సాప్‌లో బ్లాక్ చేసారు గనక ఈ ఉత్తరం బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నా. నా ఫోన్‌లో అమెరికా వాళ్ళ వాతావరణ మోడల్ పదహారు రోజుల తర్వాత తుఫాను చూపిస్తోంది. మన చేల మీద ఎర్రటి సున్నా. వరి గింజ ఇంకా పాల మీదే ఉంది. ఇప్పుడు కోయిస్తే తాలు, ఆగితే నీళ్ళపాలు. ఏడాది తిండి బావగారూ. ఏం చెయ్యమంటారు?

మీ
జగన్నాథరావు

తా.క.: ఐరోపా మోడల్ అదే తుఫానుని బర్మా పంపించింది.

జగ్గయ్యపేట, మంగళవారం

బావా,

పదహారు రోజుల తర్వాత తుఫానుకి ఇవాళే గొడుగేసుకుంటావా? నా దగ్గరా ఒక మోడల్ ఉంది. నందిగామ తయారీ. చార్జింగ్ అక్కర్లేదు, రెండుపూటలా భోజనం చాలు. వాన రెండు రోజులుందనగా మూలుగుతుంది.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క.: వారంటీ లేదు. వెనక్కి తీసుకోరని మీ నాన్న పెళ్ళినాడే చెప్పాడు.

నందిగామ, బుధవారం

బావగారికి,

గాంధీ సెంటర్లో సెల్ షాపులన్నీ తిరిగా. నందిగామ తయారీ మోడల్ ఎవరికీ తెలీదంటున్నారు. మా రైతులు పదిమంది కొంటామని కూర్చున్నారు. నా తుఫాను పొద్దున ఒడిశా వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. మీ మోడల్ ఏమంటోంది?

జగన్నాథరావు

తా.క.: మా నాన్నకి ఈ వ్యాపారం కూడా ఉండేదా?

జగ్గయ్యపేట, గురువారం

ఓరి పిచ్చి బావా,

మోడల్ అంటే మీ చెల్లెలు పుష్పవతి ఎడమ మోకాలు. నవ్వుదామనే రాసా. కానీ పొద్దున్న నిజంగానే మూలిగింది, మామూలు మూలుగు కాదు. నాకూ భయం పట్టుకుంది. కోత మిషన్ చిన్నబాబుని రేపు ముందు నీ చేలో, తర్వాత నా చేలో దిగమన్నా. తాలైనా దక్కుతుంది.

వీరరాఘవయ్య

తా.క.: రైతులు పదిమందినీ ఇటు పంపకు. మోకాలు ఒకటే.

జగ్గయ్యపేట, గురువారం సాయంత్రం

అన్నయ్యకి పుష్పవతి రాయునది.

నీ ఫోన్ ఎప్పుడు చేసినా స్విచాఫ్. తుఫాను చూసి చూసి చార్జింగ్ అయిపోతోందా? చిన్నబాబుకి నేనే ఫోన్ చేసి రెండు చేలకీ రావద్దన్నా. గింజ గట్టిపడనియ్యి. టీవీలో వాతావరణం వాళ్ళు మూడు రోజులూ ఎండే అన్నారు. పదహారో రోజు సంగతి దగ్గర పడ్డాక వాళ్ళే చెబుతారు.

నా మోకాలికేమీ లేదు. పొద్దున్న మీ బావ, క్యారేజీ పట్టుకుని గట్టు మీద రెండు మైళ్ళు నడిచి రమ్మన్నాడు. అందుకు మూలిగా.

నీ చెల్లెలు
పుష్పవతి

తా.క.: ఈ సంగతి ఆయనతో అనకు. మిరపకోతలు ఇంకా ముందున్నాయి.