నత్తలు పగిలే చప్పుడు

అన్నా,

ఫోన్లో చెబితే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను. మా చెరువులో చేపలు కళ్లు తెల్లబడి గుడ్డివైపోయాయి. తన వంతు కాని రోజు చెరువులో దిగి విషపు మందు కలిపాడని మా చేపల సంఘం వాళ్లే మీ బావను వలతాళ్లతో కట్టేసి కొట్టారు. ఒక కన్ను పోయింది.

తర్వాత హనుమకొండ నుంచి వచ్చిన చేపల డాక్టరు నత్తను చిదిమి చూపించాడు. "మందు కాదు. దీంట్ల పెరిగిన పురుగే చేప కండ్లల్లకు పోతది" అన్నాడు.

ఇప్పుడు కొట్టినవాళ్లే రోజూ నత్తలు ఏరుకొచ్చి, మా వాకిట్లో కుప్పపోసి మడమలతో తొక్కుతున్నారు. "మాఫ్ చెయ్యి వదినా, ఒక్కదాన్ని గూడ ఇడిసిపెట్టం" అంటున్నాడు మొదటి దెబ్బ వేసిన నర్సింగం.

గొడ్డలి తేకు అన్నా. నువ్వొచ్చి వాళ్లను వాకిట్లోంచి పంపించు, చాలు. గుల్ల పగిలిన ప్రతిసారీ ఆయన మిగిలిన కన్నును రెండు చేతులతో కప్పుకుంటున్నాడు.

నీ చెల్లె