గీత దాటి గ్రౌండులోకి వెళ్లినందుకు

ఖబూరా,
గురువారం సాయంత్రం

ప్రియమైన నాన్నకీ అమ్మకీ, మీ పెద్దమ్మాయి ఎస్తేరు వందనాలు.

నాన్నా, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ బీపీ మాత్ర రోజూ వేసుకుంటోందా, తల తిరిగిన రోజే వేసుకుంటోందా? చెల్లీ, ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. మధ్యలో ఆపి నీ సొంత మాటలు కలపకు. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. ఇక్కడ వంజరం చేప బాగా దొరుకుతుంది, పులుసు నేనే పెట్టుకుంటున్నాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే మిగతాదంతా చికాకే. ఫోనులో చెబితే అమ్మ ఏడుపు మొదలుపెడుతుంది, నేను సగంలో ఆపేస్తాను. అందుకే సెలవు మీద వస్తున్న మా రూములో ఉండే సలోమి అక్క చేతికి ఇస్తున్నాను.

అమ్మా, చర్చికి వెళుతున్నావా అని నువ్వు అడిగినప్పుడల్లా మాట మారుస్తున్నాను. వెళ్లడం లేదు. ఈ అరబ్బు దేశంలో సెలవు శుక్రవారం, ఆరాధన కూడా ఆ రోజే. మూడు నెలలుగా మా క్లినిక్ వాళ్లు శుక్రవారాలు నన్ను ఫుట్‌బాల్ గ్రౌండు డ్యూటీకి పంపుతున్నారు. ఊరి నడిబొడ్డున, దర్జీ కొట్ల వెనక ఉంది ఆ గ్రౌండు. ఒకవైపే మెట్లు. ఆడేది పెద్ద జట్టేమీ కాదు, నూరుమంది చూడడానికి వస్తే గొప్ప. అరుపులు మాత్రం వెయ్యి మందివి. ఆ ఉక్కలో అంబులెన్సు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెడతారు. ఎవరికైనా దెబ్బ తగిలితే లోపలికి పరిగెత్తేది డ్రైవరు రాజన్న. నిజామాబాద్ వైపు మనిషి.

"నువ్వు కూసో చెల్లె. ఆడోల్లు లోపటికి పోతే వీళ్లు ఊకోరు. నేను స్ప్రే కొట్టొస్త" అన్నాడు మొదటి రోజే.

"నీకేం తెలుసన్నా?"

"గిందుల ఏం తెల్వాలె? నొప్పి యాడుంటే ఆడ కొట్టుడే."

నాలుగేళ్లు నర్సింగు చదివింది నేను. వైద్యం చేసేది రాజన్న.

పోయిన శుక్రవారం ఇద్దరు ఆటగాళ్లు బంతి కోసం ఎగిరి తలలు గుద్దుకున్నారు. రాజన్న ఒకతని భుజానికి స్ప్రే కొట్టి వచ్చేశాడు. అతను లేచాడు గానీ, కట్టి ఉన్న బూటు లేసునే కట్టుకోవడానికి మూడుసార్లు వంగాడు. తర్వాత బంతిని తన జట్టు గోలు వైపే తోసుకుంటూ పోయాడు. మెట్ల మీద అందరూ నవ్వారు. నేను తెల్ల గీత దాటి లోపలికి వెళ్లిపోయాను. రిఫరీ ఈల వేస్తున్నాడు, కోచ్ అరుస్తున్నాడు. అతని పేరు అడిగితే చెప్పాడు. ఎవరితో ఆడుతున్నావంటే చెప్పలేక నా కాళ్ల దగ్గరే వాంతి చేసుకున్నాడు.

"అన్నా, బండి తియ్యి" అన్నాను.

"బండి పోతే ఆట ఆగుతది చెల్లె. మన నౌకర్లు పోతయ్" అంటూనే స్టార్ట్ చేశాడు.

అంబులెన్సు లేకుండా ఆడకూడదట. ఆట గంటసేపు ఆగింది. పెద్దాసుపత్రిలో స్కాన్ తీసి, ఒక రోజు ఉంచుకుని, ప్రమాదం లేదని అతన్ని పంపేశారు. దేవునికి స్తోత్రం. కానీ ఏమీ కాని మనిషి కోసం ఆట పాడు చేసిందని క్లబ్బు వాళ్లు నా మీద ఫిర్యాదు చేశారు. అతను బాగుండటం నా తప్పయింది నాన్నా!

మొన్న మేనేజరు పిలిచి అరబీలో టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. "ఖాలీ సైన్ కర్ దో సిస్టర్, ఫార్మాలిటీ హై" అన్నాడు, ఊరికే ఒక సంతకమేనట. వచ్చే నెల నా కాంట్రాక్టు తిరగరాయాలి. పెన్ను తీసుకున్నాను. ఫైలు ఇవ్వడానికి వచ్చిన రిసెప్షన్ అమ్మాయి నూరా, ఈ ఊరి పిల్లే, నా చెయ్యి పట్టుకుంది.

"చదివావా?"

"నాకు అరబీ రాదు."

"ఆటగాడికి దెబ్బే తగల్లేదు, నేను కారణం లేకుండా లోపలికి వెళ్లాను అని ఉంది. ఇదంతా నువ్వే చెప్పినట్టు రాశారు."

నాన్నా, నేను పదో తరగతిలో ఉండగా చేపల సొసైటీ ఆఫీసులో వాళ్లు చూపించిన చోటల్లా నువ్వు వేలిముద్ర వేశావు. ఏం రాసుందో అడగవా, నోరు లేదా అని నలుగురిలో నిన్ను కసిరాను. నువ్వు వేలికంటిన సిరా లుంగీకి తుడుచుకున్నావు. నువ్వెందుకు అడగలేదో మేనేజరు బల్ల ముందు నిలబడ్డాక తెలిసింది. నన్ను క్షమించు.

సంతకం పెట్టలేదు. చూసింది చూసినట్టు ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. "నా పేరు గూడ రాయి చెల్లె, గా స్ప్రే ముచ్చట మాత్రం రాయకు" అన్నాడు రాజన్న. అదీ రాశాను, జరిగిందే కదా. అలిగాడు. ఆదివారం పొద్దున్న ఆఫీసు తెరవగానే మేనేజరుకి ఇస్తాను.

కాంట్రాక్టు ఇవ్వకపోతే వచ్చే నెల ఇంటికి వస్తాను. అమ్మా, పెట్టెలో ఉన్న నా నర్సింగు సర్టిఫికెట్లకి చెద పట్టిందేమో చూడు. ఎవరైనా అడిగితే సెలవు మీద వచ్చిందని చెప్పొద్దు, ఉద్యోగం పోయిందనే చెప్పండి. కానీ పోకూడదని ప్రార్థన చేయండి. ధైర్యంగా రాస్తున్నాను గానీ నాన్నా, నాకు ఈ ఉద్యోగం కావాలి. చాలా కావాలి.

పాస్టరుగారికీ పెద్దమ్మకీ నా వందనాలు చెప్పండి. చెల్లికి ముద్దులు.

మీ ఇద్దరి దీవెన అడుగుతూ,
మీ ఎస్తేరు