నాటకం అయ్యాక అన్నం

రేడియో కేంద్రం అధికారిగారికి నమస్కారం.

మా ఆయనకు చూపు లేదు. నేను బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్ళిపోతే, ఇంట్లో ఆయనకు మీ కార్యక్రమాలే గడియారం. ఉదయం వార్తలు అవగానే మాత్ర వేసుకుంటారు. రైతుల ముచ్చట్లు అయ్యాక స్నానం. మధ్యాహ్నం నాటకం అయ్యాక అన్నం.

మొన్న మీరు నాటకం ఆపేసి, ఎవరో పెద్దమనిషి ప్రసంగం సాయంత్రం దాకా వేశారు. నేనొచ్చేసరికి గిన్నె మీద మూత అలాగే ఉంది.

"ఆకలెయ్యలేదా?" అన్నాను.

"వేసింది. రేడియోవాళ్ళు పొరపాటు చెయ్యరు కదా, నా కడుపే తొందరపడుతోందనుకున్నా" అన్నారు.

ఈసారి నాటకం లేకపోతే, మధ్యలో ఒక్కసారి "భోజనాల వేళయింది" అనండి, చాలు. నేను రాశానని మాత్రం చెప్పకండి. నా మాట పెడచెవిన పెడతారు గానీ, మీ మాట జవదాటరు.

ఇట్లు,
పొద్దున్నే ఆ గిన్నె మూతపెట్టి వెళ్ళే మనిషి