రెండో సీటు ఎవరికి?

నరసరావుపేట,
ఫిబ్రవరి 1989

ప్రియమైన అన్నకు,

సలాం. నేనూ అమ్మీ క్షేమం. మస్కట్‌లో జనరేటర్ల కింద దూరినవాడివి, మళ్ళీ బయటికొచ్చావో లేదో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన వీధిలో ఇప్పుడు ఒకటే వార్త. నీతో పనిచేసే మౌలాలీ వాళ్ళింటికి రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్ పంపాడు. వాళ్ళమ్మ ఖాతూన్ బీ దాన్ని వాకిట్లో స్టూలు మీద పెట్టి, వచ్చేపోయేవాళ్ళందరికీ పాటలు వినిపిస్తోంది. డబ్బు పెట్టి కొన్నది కాదట. విమానం ఎక్కినప్పుడల్లా ఆ విమాన కంపెనీవాళ్ళు కార్డులో పాయింట్లు వేస్తారట, ఆ పాయింట్లకి బదులు ఇచ్చారట. పైగా నన్ను ఆపి మరీ చెప్పింది. "మీ అన్నకి మావోడికంటే చానా పాయింట్లు ఉన్నయ్యంట కదే. దాచుకోని ఏం చేసుకుంటాడంట?"

నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దస్తమానం మిషను తొక్కుతాను కదా, పక్కన ఒక పాట వస్తుంటే కాళ్ళు నొప్పి తెలియవు. నాకూ ఒక టూ-ఇన్-వన్ పంపు.

ఇంకో మాట. మాచర్ల నుంచి సంబంధం వచ్చింది. పేరు అబ్దుల్ రహీమ్, రేడియోలు బాగుచేసే షాపు ఉంది. వచ్చి చూసి వెళ్ళారు. నేనూ చూశాను. తల వంచుకునే చూశాను కానీ సరిగ్గానే చూశాను.

నీ జవాబు కోసమూ, నా టూ-ఇన్-వన్ కోసమూ ఎదురుచూసే
షాహిదా

*

మస్కట్,
మార్చి 1989

నా ప్రియమైన చెల్లికి,

సరిగ్గానే చూశానన్న ఆ ఒక్క ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను, నీకు నచ్చాడన్నమాట. కానివ్వండి. అమ్మీకి నా సలాం చెప్పు.

టూ-ఇన్-వన్ మాత్రం పంపను. తిట్టుకునేది తిట్టుకో, తర్వాత ఇది చదువు.

జనరేటరు ఎక్కడ మొరాయించినా మా కంపెనీ నన్నే పంపుతుంది. సలాలా అంటారు, దుబాయ్ అంటారు, కరాచీ అంటారు. టిక్కెట్టు డబ్బు కంపెనీది, పాయింట్లు మాత్రం ఎగిరినవాడివి. ఆ పాయింట్లకి వాచీలు, సూట్‌కేసులు, టేప్ రికార్డర్లు ఇస్తామని రంగురంగుల పుస్తకం ఒకటి చూపిస్తారు. మావాళ్ళందరూ దాంట్లోనే పడతారు. టిక్కెట్ల కౌంటర్లో కూర్చునే మలయాళీ ఒకతను నాకు చెవిలో వేశాడు. ఆ టేప్ రికార్డరుకి తీసుకునే పాయింట్లతో బొంబాయికి రానూపోనూ టిక్కెట్టు వస్తుందట. పండగ రద్దీలో టిక్కెట్టు ధర రెట్టింపవుతుంది కానీ పాయింట్లు అవే. మనవాళ్ళు మిరపకాయ కల్లంలోనే తెగనమ్ముకుంటారా, రేటొచ్చేదాకా ఆపుకుంటారా? ఇదీ అంతే. ఇంట్లోవాళ్ళ పేరు మీద కూడా ఆ పాయింట్లతో టిక్కెట్టు తీయొచ్చు.

అన్నిటికంటే గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. పాయింట్ల టిక్కెట్టు వద్దనుకుంటే ముందురోజు చెప్తే చాలు, పాయింట్లన్నీ వెనక్కి వచ్చేస్తాయి.

అబ్బా పోయినప్పుడు నా దగ్గర ఉన్నది చవక టిక్కెట్టు. చవకగా వస్తోందని సంబరపడి ముందే కొనుక్కున్నాను. తేదీ మార్చమంటే మార్చలేదు, రద్దు చేస్తే పైసా రాదన్నారు, కొత్తది కొందామంటే సీటే లేదు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి మూడోరోజు జియారత్ కూడా అయిపోయింది. జనాజాకి కొడుకు భుజం లేకుండా అబ్బాని తీసుకెళ్ళారు. అది నన్ను ఇప్పటికీ తింటోంది షాహిదా. ఆ రోజు నుంచి ఒక్క పాయింటు కూడా వృథా చేయలేదు.

పాట కావాలంటే నువ్వే పాడుకో, గొంతు బాగానే ఉంటుంది.

నీ పిసినారి అన్న
నాగూర్ వలి

*

నరసరావుపేట,
ఏప్రిల్ మొదట్లో

ప్రియమైన పిసినారి అన్నకు,

ముందు తిట్టుకున్నాను, తర్వాత చదివాను, ఆ తర్వాత అమ్మీకి చదివి వినిపించాను. ఇద్దరం ఏడ్చాం. ఇక టూ-ఇన్-వన్ మాట ఎత్తను.

నిఖా ఖాయమైంది. రంజాన్ పండగ నెలవంక కనపడ్డాక మూడోరోజు, మధ్యాహ్నం నమాజు అవగానే. తారీఖు అడగకు, ఆ తారీఖు చంద్రుడికే తెలియాలి. వాళ్ళ ఇంట్లో అందరి నిఖాలూ అదే రోజు జరిగాయట, తాతల నాటి ఆనవాయితీ. ఒక్క రోజు అటూ ఇటూ జరపమని అమ్మీ అడిగి చూసింది. వాళ్ళ పెద్దాయన సుభానీ చాచా ఒప్పుకోలేదు.

ఆయనే ఇంకో మాట అన్నాడు. "గల్ఫులో ఉన్నోడు వస్తాడో రాడో. వకీలుగా మావోళ్ళు ఎవురో ఒకరు పోయి అడుగుతారు, ఏమైంది?"

అన్నా, వకీలుగా పరదా వెనక కూర్చున్న పెళ్ళికూతురు దగ్గరికి వచ్చి నీకు సమ్మతమేనా అని అడగాల్సింది అబ్బా. అబ్బా లేడు. నువ్వు ఉన్నావు. నేను అమ్మీ ముందే ఆయనకి వినపడేట్టు చెప్పాను. "మా అన్న వచ్చి అడిగితేనే నేను నోరు ఇప్పేది. ఇంకెవురు వచ్చినా నా నోట్లోంచి మాట రాదు." ఆయన మొహం మాడిపోయింది. అమ్మీ నన్ను గిల్లింది. చెప్పిన మాట చెప్పినట్టే ఉంటాను, అది నీకు తెలుసు.

వస్తావుగా?

నీ మొండి చెల్లి
షాహిదా

*

మస్కట్,
ఏప్రిల్ నడిమి

నా ప్రియమైన మొండిదానికి,

వస్తాను. రెండు సీట్లు తీసి పెట్టాను.

నవ్వకు. ఎప్పుడూ ఇక్కడ నెలవంక ముందు కనపడుతుంది, మనకి మర్నాడు. అందుకని మౌలాలీతో సహా ఇక్కడి పల్నాటివాళ్ళందరూ నీ నిఖాకి రావాలని, ఇక్కడ ఈద్ నమాజు చదువుకుని ఆ మర్నాటి విమానానికి చవక టిక్కెట్లు కొనేశారు. బొంబాయిలో దిగి, రైల్లో హైదరాబాదు వచ్చి, బస్సెక్కితే నిఖా ముందురోజు రాత్రికి నరసరావుపేటలో ఉంటారు. లెక్క బాగానే ఉంది. కానీ చంద్రుడు ఎవరికైనా రాసిచ్చాడా, ఈసారి కూడా మీకు ఆలస్యంగానే వస్తానని? మీకు ఒకరోజు ముందే కనపడితే వీళ్ళంతా నిఖా అయ్యాక దిగుతారు.

అందుకే వాళ్ళకంటే ముందురోజు విమానంలో ఒక సీటు, మర్నాటి విమానంలో ఒక సీటు, రెండూ పాయింట్ల మీదే తీశాను. ఒకటి ఎక్కుతాను, ఒకటి రద్దు చేస్తాను. పాయింట్లు పోవు. మౌలాలీ అయితే "ఒక్క పిర్రకి రెండు కుర్చీలేందిరా" అని క్యాంపంతా చాటాడు.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. రోజాలు ఇరవై తొమ్మిది అయిన సాయంత్రం మిద్దె ఎక్కు. నెలవంక కనపడితే ఎక్స్‌ఛేంజీలో పనిచేసే మన కృపామణి అక్క దగ్గరికి వెళ్ళి మా ఆఫీసుకి ఫోను కలపమను. నంబరు కింద రాశాను. కనపడకపోతే ఫోను చేయొద్దు. నీ ఫోను రాకపోతే మొదటి సీటు రద్దు చేసి రెండోది ఎక్కుతాను.

పరదా వెనక నీ గొంతు వినడానికి వచ్చే
నీ అన్న

*

నరసరావుపేట,
ఏప్రిల్ చివర

ప్రియమైన అన్నకు,

ఇది నీకు అందేసరికి నువ్వు పెట్టె సర్దుకుంటూ ఉంటావు. కృపామణి అక్కతో మాట్లాడాను. ఆ సాయంత్రం డ్యూటీ మార్పించుకుని మరీ కూర్చుంటానంది.

మాచర్లవాళ్ళు నా జాకెట్టు కొలతలకని వచ్చారు. నీ రెండు సీట్ల సంగతి చెప్పాను. సుభానీ చాచా ఒప్పుకోలేదు. మా కాలంలో ఒక మనిషికి ఒకటే సీటు అన్నాడు. రహీమ్ చెల్లెలు అబిదా అని ఉంది, అక్కడ బళ్ళో టీచరు. ఆ పిల్ల మాత్రం ఆ పాయింట్ల పద్ధతంతా నా చేత రెండుసార్లు చెప్పించుకుంది. అంతా విని, నెమ్మదిగా అడిగింది. "మరి రెండో సీటు ఎవరికి?"

ఎవరికీ కాదు, రద్దు చేస్తాడు అన్నాను. అయ్యో అంది. అమ్మీ నవ్వింది. నేనూ నవ్వాను.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు అన్నా. నువ్వు రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. మాటన్నదాన్ని అన్నాను. ఆ మాట మీద పెళ్ళే ఆగిపోతే అమ్మీ తట్టుకోలేదు. ఇది అమ్మీకి చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

మిద్దె మీద కళ్ళు పెట్టుకుని,
షాహిదా

*

మస్కట్,
జూన్ 1989

అబ్దుల్ రహీమ్ గారి బేగం, నా ప్రియమైన చెల్లికి,

వలీమా విందు మర్నాడే బస్సెక్కేశాను. నా వైపు ఏం జరిగిందో నీకు చెప్పే తీరిక దొరకలేదు. ఇప్పుడు విను.

ఆ సాయంత్రం మేమందరం క్యాంపు బయట నిలబడ్డాం. మాకింకా పొద్దు కుంకలేదు. మౌలాలీ నా భుజం మీద చెయ్యేసి, పాయింట్లని పట్టుకుని వేలాడే నన్ను చూసి జాలిపడుతున్నాడు. ఇంతలో ఆఫీసు కుర్రాడు పరుగెత్తుకొచ్చి ఇండియా ఫోను అన్నాడు. గరగరమనే చప్పుడులో కృపామణి అక్క గొంతు, తర్వాత నీది. నువ్వు అన్నది రెండే మాటలు. "చంద్రుడు వచ్చాడన్నా."

మస్కట్ ఆకాశంలో సూర్యుడు ఉండగానే నరసరావుపేట నుంచి నెలవంక కబురొచ్చింది. ఇలాంటిది ఈ క్యాంపులో ఎవరూ ఎరగరు. నేను బయటికొచ్చి ఆ మాట చెప్పేసరికి మౌలాలీ చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. అప్పటికప్పుడు అందరూ టిక్కెట్ల ఆఫీసుకి పరుగెత్తారు. మార్చం అన్నారు. డబ్బూ ఇవ్వం అన్నారు. నేను తెల్లారి నా విమానం ఎక్కుతూ, ఆ మలయాళీకి చెప్పి రెండో సీటు రద్దు చేశాను. పాయింట్లన్నీ నా కళ్ళముందే తిరిగి కార్డులోకి ఎక్కాయి. పండగ సేమియా బొంబాయి స్టేషన్లో తిన్నాను, చక్కెర ఎక్కువైనా రుచిగానే ఉంది.

నువ్వు పరదా వెనక కూర్చుని ఉన్నావు. నేను వకీలుగా వచ్చి అడిగాను. నీ గొంతు రాలేదు. రెండోసారి అడిగితే, వకీలు ఎవురో చెప్పమన్నావు. నాగూర్ వలి, నీ అన్న అన్నాను. అప్పుడు ఒప్పుకున్నావు. అంతమంది పెద్దల ముందు నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు. అబ్బాకి పట్టలేకపోయిన భుజం ఆ రోజు నీకు ఇచ్చానన్న తృప్తి ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి మౌలాలీ దిగేసరికి దాల్చా గిన్నెలు తోముతున్నారు. అతను గిన్నె వైపు చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాగదు.

ఇక్కడి కబురు. నన్ను సూపర్‌వైజరు చేశారు. రెండు గదుల క్వార్టరు ఇచ్చారు, ఒంటరిగాణ్ణి, ఒక గది ఊరికే ఖాళీగా పడి ఉంది. వచ్చే రంజాన్‌కి మళ్ళీ సెలవిస్తామన్నారు. తిరిగొచ్చిన పాయింట్లు అలాగే ఉన్నాయి. ఇప్పుడైతే టూ-ఇన్-వన్ పంపనా? అన్నట్టు మీ అబిదా నాకు దాల్చా వడ్డిస్తూ ఎందుకో నవ్వింది. నా మొహానికి ఏమైనా అంటుకుందా?

నీ వకీలు
వలి

*

మాచర్ల,
జులై 1989

ప్రియమైన అన్నకు, సూపర్‌వైజరు గారికి,

టూ-ఇన్-వన్ వద్దు. నీ బావగారు పాడైపోయిన రేడియోలు మూడు విప్పి, చెక్కపెట్టెలో ఒకటి తయారుచేసి నా మిషను పక్కన పెట్టారు. దెబ్బ వేస్తేగానీ పాడదు కానీ, ఖాతూన్ బీ దానికంటే గట్టిగా పాడుతుంది. పాయింట్లని అలాంటివాటికి తగలేయకూడదని నువ్వే నేర్పావు. రేటొచ్చినప్పుడే తీయాలి. ఇప్పుడు రేటొచ్చింది.

సుభానీ చాచా ఇప్పుడు బజారులో కనపడ్డవాడికల్లా నీ రెండు సీట్ల కథ చెప్తున్నాడు. మొన్న అన్నం తింటూ, తనంతట తనే అన్నాడు. "మాటిస్తే చంద్రుడితో పందెం కాసి వచ్చేవోడు. ఇట్టాంటోడికి మన పిల్లని ఇయ్యకపోతే ఇంకెవురికి ఇస్తాం?" అబిదా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళి అడిగాను. తల ఊపింది. నేను ఊరుకోలేదు, నోటితో చెప్పమన్నాను. చెప్పింది. అమ్మీకి కబురు చేస్తే మాచర్లకి తెల్లవారి మొదటి బస్సులో దిగింది.

నీ మొహానికి ఏమీ అంటుకోలేదు. ఆ పిల్ల నవ్వింది ఎందుకో ఇప్పటికైనా తెలిసిందా? ఇష్టం లేకపోతే ఇప్పుడే రాయి. ఇష్టమైతే రాసేదేమీ లేదు, క్వార్టరులో ఆ ఖాళీ గదికి సున్నం వేయించు.

నిఖా వచ్చే రంజాన్ నెలవంక కనపడ్డాక మూడోరోజు. తారీఖు అడగకు. వచ్చేటప్పుడు పోయినసారిలాగే రెండు రోజులకీ సీట్లు తీసుకుని, చంద్రుణ్ణి చూసి ఒకటి రద్దు చేసుకో. నేను నరసరావుపేట వచ్చి మన మిద్దె ఎక్కుతాను, కృపామణి అక్క ఫోను దగ్గర ఉంటుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఒకే విమానంలో, పక్కపక్కనే రెండు సీట్లు తీయి. ఆ రెండో సీటు రద్దు చేయబాకు అన్నా, అది అబిదాది.

ఈసారి ఆడపిల్లవాళ్ళ తరఫున నిలబడే
నీ చెల్లి షాహిదా