అన్న చేతికి రక్తపు జిగురు

మార్చి 3
నరసరావుపేట. ఆపరేషన్ గది బయట.

పొద్దున కాలువ తూము దగ్గర బాబాయి కొడుకు శీను మా అన్న చెయ్యి నరికాడు. మా వంతు నీళ్ళు అన్న మా చేలోకి మళ్ళించుకున్నందుకు. మణికట్టు సగానికి పైగా తెగింది. ఆటోలో దారంతా నా ఒళ్ళో రక్తం... వేడిగా. శీను గొంతు కొరకాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

డాక్టరు చెబుతున్నాడు — వేళ్ళకి పోయే రక్తనాళాలు చానా సన్నం. కుట్లు ఎక్కువైతే మూసుకుపోతాయి. తక్కువ కుట్లు వేసి, కారకుండా చుట్టూ జిగురు చుక్క వేస్తాడట. ఆ జిగురు మనుషులిచ్చిన రక్తంలోంచే తీస్తారట.

నాన్న లేచాడు. "ఎవరి రక్తం అది? ఆ శీనుగాడి పార్టీ వాళ్ళదైతేనో?"

"పెద్దాయనా, సీసా మీద ఊరు పేరు రాయరు."

"అయితే వద్దు."

సంతకం పెట్టడు. లోపల అన్న వేళ్ళు చచ్చిపోతున్నాయి. రక్తానికి కులం లేదు, పార్టీ లేదు అనే రక్తదానం కరపత్రాలు ఊరంతా పంచింది నేనే. మా ఇంటికే ఎక్కలేదు.

"శీనుది మాత్రం నీ తమ్ముడి రక్తం కాదా నాన్నా?"

చెంప పగిలింది. "ఏమే, కాగితాలు చదివి నాకు చెప్పొచ్చావా?"

పెన్ను లాక్కుని నేనే పెట్టాను సంతకం. నోట్లో రక్తం రుచి.

మార్చి 4
వేళ్ళు తెల్లగా, చల్లగా. నర్సు గోరు నొక్కి వదులుతుంది. రంగు రాదు. మళ్ళీ నొక్కుతుంది.

సాయంత్రం ఎర్రబడింది! "అతుకు నిలిచింది" అన్నాడు డాక్టరు. బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మార్చి 5
వరండా నిండా నాన్న మనుషులు. బీడీలు. పొగ తగిలితే నాళాలు ముడుచుకుపోతాయని నర్సు తరిమేసింది. కిందికి పోయారు. జీపులో గోనెసంచి... కొడవళ్ళ పిడులు బయటికి కనబడుతున్నాయి.

మార్చి 6
అన్న నోరు తెరిచాడు. నీళ్ళు అడుగుతాడనుకున్నాను.

"చెల్లీ, నాన్నకి చెప్పు. నా చెయ్యి బాగయ్యేదాకా శీనుగాడి జోలికి ఎవుడూ పోవద్దని. వాడు నాకు కావాల."

చెబితే ఈ రోజుకి శీను బతుకుతాడు. చెయ్యి పిడికిలి పట్టేదాకా బతుకుతాడు. చెప్పకపోతే జీపు ఇప్పుడే కదులుతుంది.

ఆ చెయ్యి బాగవ్వాలా, వద్దా? నిన్నటిదాకా ఈ ప్రశ్న నాకు లేదు.

మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. కింద ఇంజను ఆన్ చేశారు. నాన్న తలెత్తి చూస్తున్నాడు —

"ఏమన్నాడే వాడు?"