మూడు బ్రాంచీలు, ఎవరి చీటీ వాళ్లది

బాన్సువాడ, జూన్ 3

పెద్దబాపుకు స్పందన నమస్కారాలు.

ఫోన్‌లో నీకు వినపడదని రాస్తున్నాను. కిరాయి గది బాగానే ఉంది. పనిలోనే నలిగిపోతున్నాను. మెయిన్ ఒకటి, దాని నుంచి చీలిన పాత బ్రాంచీలు రెండు. ప్రతి రిలీజ్‌కూ ఎక్కడ ఏం మారిందో నోట్స్ నేనే చూడాలి. అందరూ ఒకేచోట రాస్తారు, ఒకరి వరుస మీద ఇంకొకరిది పడి కొట్లాట. పోయినసారి పాత బ్రాంచిలో ఒక వరుస ఎగిరిపోయింది. ఇరవైన మళ్లీ రిలీజ్. భయంగా ఉంది.

నీ బిడ్డ,
స్పందన

తా.క.: జవాబు రాజాబాబన్న ఆటోలోనే పంపు. పోస్టు కన్నా ఆయనే నయం, మధ్యలో చదివినా తెచ్చిస్తాడు.

కోటగిరి, జూన్ 5

బిడ్డా స్పందనా, సల్లగుండు.

ముప్పై నాలుగేండ్లు కాలువ మీద లష్కర్‌గ తూములు ఎత్తి దించినోణ్ని. నువ్వు గదే డిపార్ట్‌మెంట్ల చేరి ఒక్క మాటన్న చెప్పకపోతివి! మెయిన్ కాలువ, రెండు బ్రాంచీలు, నీళ్ల రిలీజ్, అంత నీ చేతులనే! ఆఫీసుల అడిగితే గా పేరుతోని ఎవ్వరు లేరన్నరు. పెద్ద ఆఫీసర్లను గిట్లనే దాస్తరు, నాకెర్కే.

ఇట్లు,
పెద్దబాపు శివరాం

తా.క.: కాలువ కొస పొలాలోళ్లకు చెప్పిన. శుక్రవారం పదహారు మంది ట్రాక్టర్ల నీ తానికి వస్తుండ్రు. చాయ్ పొయ్యి.

బాన్సువాడ, జూన్ 8

పెద్దబాపూ,

వచ్చారు. వాళ్లలో సేవ్యా అన్న నా లాప్‌టాప్ చూసి, "నీళ్లు గిందులకెళ్లే వదులుతవా అమ్మా?" అని అడిగాడు.

నాది నీళ్ల పని కాదు. దవాఖానల్లో మందు మోతాదు చూపించే సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒకరి ముఖం ఒకరు చూడని ఎన్నో దేశాలవాళ్లం జీతం లేకుండా రాస్తాం. కొన్ని దవాఖానలు కొత్తదానికి మారలేవు. వాటి కోసం పాతవి రెండు విడిగా నడుపుతాం. అవే బ్రాంచీలు, దిద్దినవి వాళ్లకు పంపడమే రిలీజ్. ఒకచోట దిద్దిన తప్పు మిగతాచోట్లా దిద్ది, దిద్దామని నోట్స్‌లో చెప్పాలి. ఒక్క వరుస పోతే, ఏదో ఊళ్లో నర్సు పాత మోతాదే ఇస్తుంది.

స్పందన

తా.క.: ఎంత చెప్పినా వినకుండా నీళ్లు వదలమని దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు నా సంతకం తీసుకుని పోయారు.

కోటగిరి, జూన్ 10

బిడ్డా,

ముఖం తెల్వనోళ్లు, ఎవలో తెల్వని రోగి కోసం కూసొని రాస్తుండ్రా!

మేంగూడ ఒక్క రిజిస్టర్ల రాస్తే కొట్లాటే అయితుండె. ఇగ దాన్ని ముట్టుడే బంద్ జేసినం. తూము ముట్టినోడు ఎవని చీటీ వాడు రాయాలె. ఏ బ్రాంచి మీద గా పని జేస్తే గా బ్రాంచి డబ్బల నకలు ఎయ్యాలె. నీళ్లు వదిలే పొద్దు గుమాస్త అన్ని కలిపి రిజిస్టర్‌కు ఎక్కిస్తుండె. చీటీ లేంది గేటు లేవది.

పెద్దబాపు

తా.క.: వదిలినంక కొసకు పోయి చూస్తవా? నేనైతే నీళ్లు అందినయా అని కొసోన్ని అడిగినంకనే ఇంటికి పోదును.

బాన్సువాడ, జూన్ 24

పెద్దబాపూ,

అట్లాగే చేశాం. ప్రతి మార్పుకూ సొంత చీటీ, మార్పు ఏ బ్రాంచికి పోతే దాని వెంటే చీటీ. ఇరవైన అన్నీ కలిపితే ఒక్క వరుసా కొట్టుకోలేదు! ఈ పద్ధతి నీదని చెప్తే, మాతో రాసే పోలండ్ ఆయన, "ఈ శివరాం గారు ఏ కంపెనీ?" అని అడిగాడు. నిజాంసాగర్ కాలువ అన్నాను. పెద్ద కంపెనీయే అయి ఉంటుందన్నాడు.

అన్నిటికన్నా పాత బ్రాంచిని వాడేవాళ్లు లేరని మూసేయబోయాం. నీ మాటకు ఆగి, "ఎవరైనా ఉన్నారా?" అని అడిగాం. ఒకే ఒక్క జవాబు: "మేమున్నాం. ఈసారి నోట్స్ చూసి పిల్లల మందు మోతాదు మార్చుకున్నాం." రాసింది మంజుల అనే నర్సు. జుక్కల్ అవతల చిన్న దవాఖాన.

స్పందన

తా.క.: ఆ నర్సు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. "ఏ దేశంకెళ్లి మాట్లాడుతున్నరు మేడం?" అంది. బాన్సువాడ అన్నాను. "జుక్కల్ బస్సు కోసం నేను బాన్సువాడ బస్టాండ్‌లనే ఉన్న" అంది.