అమ్మవారి జోలికి పోని కమిటీ

శుక్రవారం, రాత్రి

ఈసారి ఏ వైద్య సేవను తనిఖీ చెయ్యాలో తేల్చడానికి ఇవాళ పంచాయతీ సమితిలో కూర్చున్నాం. సముద్రపొడ్డు పాలెం నుంచి చేపలమ్మే పోలమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. అమ్మవారు పోసి ఆమె కూతురు పోయింది. ఇప్పుడు కొడుక్కి పోసింది. మశూచి టీకాలు వేసేవాడు ఆ పాలెం మొహమే చూడలేదట. అదే తనిఖీ చేద్దామన్నాను.

అధ్యక్షుడు లెంపలేసుకున్నాడు. "అమ్మవారు చేసినదానికి మనం ఆరా తీసేదేందమ్మా? కళ్లు పోతాయి. బుచ్చిరెడ్డిపాలెం ఆసుపత్రి చూసొద్దాం, రోడ్డు బాగుండాది. సరేననేవాళ్లు చేతులెత్తండి."

నేను తప్ప అందరూ ఎత్తారు. జుబ్బా చేతులు మోచేతుల దాకా జారాయి. ఎత్తిన ప్రతి చేతి మీదా టీకా మచ్చ! వెధవలు, ఒక్కడూ సిగ్గుపడలేదు. అధ్యక్షుడికైతే రెండు మచ్చలు.

బయటికి రాగానే పోలమ్మ ఆయన కాళ్ల మీద పడింది. "నా బిడ్డ ఒక్కడే మిగిలినాడు సామీ, ఎవురినన్నా పంపించండి."

"గుమ్మానికి వేపమండలు కట్టు. అమ్మ చల్లగా చూస్తాది," అన్నాడాయన, జుబ్బా చెయ్యి కిందికి లాక్కుంటూ.